అమావాస్య పోటు

అబయాంగ్ దీవి,
ఫిబ్రవరి 12.

ప్రియమైన అక్క తబేరాకు తమ్ముడు కౌటు, మౌరి అని నమస్కారం చెప్పి రాయునది. నువ్వూ బావా పాపా బుటారిటారిలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ బాగానే ఉంది. నేను మాత్రం మండిపోతున్నాను.

మన చేమగుంతలోకి సముద్రం వచ్చేసింది అక్కా. పాప మొదటి పుట్టినరోజు విందు కోసం అమ్మ ఆకులు కప్పి, ఎరువు వేసి, ఒంటిచేత్తో పెంచుకొచ్చిన చేమ. ఆకులన్నీ పసుపెక్కి వాలిపోయాయి. ఇది సముద్రం పని కాదు. పెదనాన్న ఇయోటేబా పని.

ఒకరి గుంత దగ్గరికి ఇంకొకరు పోరు కదా, ఎలా పెంచారని అడగను కూడా అడగరు. అలాంటిది, పోటు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన మన గుంత అంచున వంగి చూస్తున్నాడు. ఇక్కడేం పని పెదనాన్నా అంటే ఉలిక్కిపడి, పంది తప్పిపోయింది రా అన్నాడు. ఆయన పంది వాళ్లింటి ముందే కట్టేసి ఉంది! ఇటు చూస్తే మన గట్టులో ఓ చోట రాళ్లు లేవు.

యువజన సంఘం వాళ్లు ఓడలో పంపే చిన్న పుస్తకాలు చదువుతున్నానుగా, ఒకదాంట్లో స్పష్టంగా ఉంది. చంద్రుడు తన ఆకర్షణతో సముద్రపు నీటిని లాగుతాడు. తనవైపున్న నీరు ఉబ్బుతుంది. అవతలివైపు నీటికి ఆ లాగుడు తక్కువ, అది వెనకబడి అక్కడా ఉబ్బుతుంది. ఆ రెండు ఉబ్బుల మధ్య భూమి తిరుగుతుంది కనకే మనకు రోజుకు రెండు పోట్లు. పున్నమికి పోటు మరీ పెద్దది. మరి మనకు నీళ్లొచ్చింది అమావాస్యనాడు! ఆకాశంలో చంద్రుడే లేనప్పుడు గట్టు దాటేంతగా ఎవరు లాగినట్టు? మనిషి చెయ్యి పడింది.

ఊరి సభాశాల మనేయబాలో పెద్దలందరి ముందూ ఇదే అడిగాను. ఒరే కాగితాల పండితుడా, మీ చంద్రుడు ఆ రోజు సెలవు పెట్టాడా ఏంటి అని ఇయోటేబా వెక్కిరించాడు. అందరూ పడిపడి నవ్వారు. నాకు ఒళ్లు మండి, మరి మీ గుంత ఎలా ఉందో చెప్పండి అన్నాను. అడక్కూడని మాటే, కానీ ఆయన మొహం ఎందుకు తిప్పుకున్నాడు? తప్పు లేనివాడు తిప్పుకుంటాడా?

వచ్చే నెల మళ్లీ సభ. నేరం రుజువైతే మనేయబాలో ఆయన కూర్చునే తాతల నాటి చోటు పోతుంది. పోవాలి! పెద్దవాళ్లయితే అన్యాయం చెల్లుతుందా? నువ్వు వచ్చి, నాన్న ఉన్నప్పుడు గట్టు రాళ్ల కోసం ఇయోటేబా ఆయనతో తగాదా పడ్డాడని చెప్పు చాలు. అమ్మేమో, నోరు మూసుకుని చేపలకు పోరా అంటోంది. ఆవిడా ఏదో దాస్తోందని నా అనుమానం.

పాపకు ముద్దులు.
నీ తమ్ముడు,
కౌటు

తా.క.: ఉత్తరం ఇంకా అంటించలేదు. మన రాళ్లు దొరుకుతాయేమోనని, తప్పని తెలిసే, ఇయోటేబా గుంతలోకి దిగాను. రాళ్లు లేవు. చేత్తో నీళ్లు తీసి నాలుక్కి రాసుకుంటే ఒకటే ఉప్పు. చేమ అంతా కుళ్లిపోయింది, మనదానికంటే ఘోరంగా. ఆయన గట్టూ మనదానిలాగే కొట్టుకుపోయింది.

ఇంటికొచ్చి పుస్తకంలో పేజీ తిప్పాను. పున్నమి బొమ్మ చూసి మూసేశాను గానీ, దాని వెనకే అమావాస్య బొమ్మ ఉంది. ఆ రోజు చంద్రుడు కనపడడు, అంతే. సూర్యుడి వైపే నిలబడతాడు, ఇద్దరూ కలిసి లాగుతారు. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చిన నెలైతే పోటు ఇంకా పెద్దదట.

అమ్మను నిలదీస్తే అప్పుడు చెప్పింది: మన దాంట్లో పిలకలేమైనా బతికాయేమోనని చూసుంటాడు రా, అడగడానికి మొహం చెల్లక పంది అన్నాడు.

సాక్ష్యానికి రావద్దు. నా మాట నేనే సభలో వెనక్కి తీసుకుంటాను. వానలకు ఉప్పు కడుక్కుపోయాక మీ దీవి నుంచి చేమ పిలకలు తీసుకురా, రెండు గుంతలకు సరిపడా. రెండోది ఎవరిదని బావ అడిగితే మాత్రం చెప్పకు.