నీళ్ల నడుమ జిల్లా

భోపాల్‌పట్నం,
శ్రావణం, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం.

ప్రియమైన ప్రకాష్ అన్నకు,

ఇక్కడ అమ్మ, నాన్న, నేను, మొన్ననే ఈనిన మేక, దాని పిల్లలు అందరం క్షేమం. అక్కడ అస్సాంలో, మాజులి దీవిలో నువ్వూ, నీ చుట్టూ పారే ఆ నదీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో మాట్లాడితే అమ్మ చెవి పక్కనే ఉంటుందని ఉత్తరం రాశావు చూడు, మంచి పని చేశావు.

నాన్న మోకాలి గురించి అడిగావు. తగ్గింది, కానీ పొలానికి వెళ్లమన్నప్పుడు మళ్లీ వస్తుంది. నా చదువు బాగానే సాగుతోంది. నది గట్టును తినేస్తోందని రాశావు కదా, మా హిందీ పుస్తకంలో దాన్ని ‘కటావ్’ అన్నారు. తెలుగులో ‘కోత’ అంటారని నాన్న చెప్పాడు. వరికీ అదే మాట, గట్టుకీ అదే మాట. అప్పటినుంచి ఆ మాట నా నోట్లోనే నానుతోంది.

టవర్ల పని ఈ ఏడుతో అయిపోతుందనీ, అక్కడి అమ్మాయి జున్‌మోనిని పెళ్లి చేసుకుని ఇంటికే వచ్చేస్తాననీ ముందు నాన్నకు చెప్పమన్నావు. చెప్పాను. “వీనికి జిల్లాలు చాలలేదా? మనం ఇల్లు కదలకుండనే మూడు జిల్లాలు తిరిగినం గదా” అని నవ్వాడు. నిజమే. ఈ ఇల్లు బస్తర్ జిల్లాలో కట్టారు, దంతెవాడ జిల్లాలో పెంకులు మార్చారు, నేను పుట్టేసరికి బీజాపూర్ జిల్లా అయింది. జున్‌మోని వాళ్లకు మాత్రం జిల్లా అక్కడే ఉంటుంది, ఇల్లే వెనక్కి జరుగుతుంది. వాళ్ల నాన్న కర్రల మీది ఇంటిని విప్పి, మోసుకెళ్లి, లోపలి భూమిలో మళ్లీ కట్టుకున్నాడని నువ్వు రాసింది చదివి వినిపించాను. నాన్న నవ్వడం మానేశాడు.

ఇక ఇంతసేపూ దాచిన సంగతి. నువ్వు వచ్చేదాకా అమ్మకు చెప్పొద్దన్నావు. నేను చెప్పేశాను. నీకు చూసిన చర్ల సంబంధం వాళ్లకు ఆమె మాట ఇవ్వబోతోంది అన్నా. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం అమ్మకు చేతకాదని నీకూ తెలుసు.

అమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. విని, “ఏ ఊరు?” అంది. ఊరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా వరసగా చెప్పాను. ఆ జిల్లా మొత్తం నది మధ్యే ఉందన్నాను.

“జిల్లకు జిల్లనా? మరి కలెక్టర్ గూడ పడవల్నే పోతడా?”

చేటలోనే బియ్యాన్ని పొడుగ్గా పరిచాను. పైన సుబన్‌సిరి, కింద బ్రహ్మపుత్ర అని వేలితో చూపించి, నడుమ గీత గీసి రెండు బ్లాకులు చేశాను. పక్కింటి సన్నే అత్త తొంగిచూసి, “అస్సాం కోడలొస్తే నీ తిట్లు ఏం సమజైతయే? నీ నోరంత దండుగ” అంది.

“నేర్పుకుంట తియ్యి” అంది అమ్మ. తర్వాత నన్ను, “పిల్ల ఇల్లేది?” అని అడిగింది. కింది అంచున ఒక మినపగింజ పెట్టాను. అమ్మ దాన్నే చూస్తూ, “వానల్ల వాళ్లమ్మకు ఏమన్న అయితే, ఈడికెళ్లి ఎట్ల పోతదే?” అంది.

అప్పుడు చెప్పింది. ఆమె పుట్టిల్లు ఇంద్రావతికి అవతలి గట్టున, సిరొంచ వైపు కదా. అప్పటికి వంతెన లేదు. ఇలాంటి శ్రావణంలోనే అమ్మమ్మ పోయిందని అవతలినుంచి కేకలేసి చెప్పారట. ఆ వరదలో ఏ పడవవాడూ ఒప్పుకోలేదట.

“ఈ గట్టునే నిలబడ్డ. పొగ కనబడ్డది. అమ్మ కనబళ్లె.”

నీకు ఈ సంగతి తెలుసా అన్నా? నాకు తెలియదు. ఇక ఈ పెళ్లికి ఒప్పుకోదనే అనుకున్నాను.

ఇవాళ పొద్దున్న అమ్మ నాన్నను పిలిచి, చర్ల వాళ్లకు వద్దని చెప్పమంది. నావైపు తిరిగి, “రాయి, నా మాటగ రాయి” అంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను:

“కొత్త కోడలని ఒక్క ఆషాఢం తోలిస్తే సరిపోదు. ఏటా మబ్బు పట్టకముందే పోవాలె, వానలున్నన్ని దినాలు వాళ్లమ్మ కాడనే ఉండాలె. వాడు ఎంటపోతే పోనీ. దీనికి ఒప్పుకుంటెనే పెండ్లి.”

“నాట్లప్పుడు కోడలుండదా మరి?” అన్నాడు నాన్న.

“ఇన్నేండ్లు ఎవరేసిన్రు? నేనే ఏస్త.”

ఈ షరతు నువ్వే జున్‌మోని వాళ్లమ్మ ఎదుట కూర్చుని, ఆమె భాషలో చెప్పాలట. ఆమె సరేనన్న కబురు అందిన తర్వాతే మనవాళ్లు రైలెక్కుతారు.

ఇట్లు,
నీ మాట మీరి నీ పని చేసిపెట్టిన చెల్లెలు,
లలిత