సంతకం కింద గీత

హమద్ టౌన్, బహ్రెయిన్
9 నవంబరు 2025, ఆదివారం

చిరంజీవి మల్లికకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ ఇంటిల్లిపాదీ క్షేమమని మొదలుపెట్టడం మీ అమ్మ అలవాటు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ అంటే నేనొక్కణ్ణే. క్షేమంగానే ఉన్నాను. డ్రెస్డెన్ చలిలో నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. కొత్త కోటు సరిపోయిందని రాశావు. సంతోషం.

నీ ఉత్తరం, దానితో పంపిన ప్రశ్నల కాగితం మంగళవారం అందాయి. బుధవారం ఫోను చేసి నాలుగో ప్రశ్నకు జవాబు అడిగావు. లైను సరిగా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. పదిహేడో తేదీన సంతకం చేసి అమెరికా పన్నుల శాఖకు పంపుతానన్న వాంగ్మూలం, ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా పంపకు. కొరియర్ నాలుగు రోజులు పడుతుందన్నారు. గురువారానికి నీ చేతికి రావాలి.

ఇంటి సంగతులు కొన్ని. వంట నేర్చుకుంటున్నాను. పప్పు కుదురుతోంది, చారు కుదరడం లేదు. తలుపు మీద మీ అమ్మ ట్యూషను బోర్డు ఇంకా తీయలేదు. మొన్న ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "లెక్కల టీచరు గారున్నారా?" అని అడిగింది. లేరన్నాను. "ఎప్పుడొస్తారు?" అంది. ఈ ఏడాది చెప్పడం లేదన్నాను. 

ఇక నీ ప్రశ్నలు.

డిపాజిట్లన్నిటిలో నీ పేరే ముందు ఎందుకుంది అని అడిగావు. అది మీ అమ్మ పని. నీ ప్రతి పుట్టినరోజుకూ ట్యూషను డబ్బు బ్యాంకులో వేసేది. నీకు అక్షరాలు వచ్చాక చీటీ నీ చేతే రాయించేది. ఆడపిల్ల చేతి మీదుగా వేస్తే పెరుగుతుందని ఆమె నమ్మకం. ఒకసారి నా పేరు ముందు పెట్టమన్నాను. "మీది నీళ్ళ చెయ్యి. వేసిందంతా కారిపోతుంది" అంది. సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు దానికేం చెబుతాడు?

మా ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులు. ఇక్కడ జీతం మీద పన్ను లేదు. మా పేర్ల మీదే ఉంటే ఆ డబ్బు సంగతి ఏ దేశమూ అడిగేది కాదు. ఇంట్లో అమెరికా పౌరురాలివి నువ్వొక్కదానివే. ఉన్నదంతా తీసుకెళ్ళి నీ పేరు మీద పెట్టాం.

"టల్సాలో పుట్టి ఐదు నెలలున్నాను. ఆ దేశానికి నేనేం బాకీ పడ్డాను నాన్నా?" అని రాశావు. నేను అక్కడ రెండేళ్ళ ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు పుట్టావు. వాళ్ళ చట్టం ప్రకారం అంతే చాలు. ఏ దేశంలో బతికినా ఏటా వాళ్ళకు లెక్క చెప్పాలి. బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఒక్కరోజు పదివేల డాలర్లు దాటినా విడిగా తెలపాలి. ఇక్కడి బ్యాంకులు కూడా ఏటా అమెరికా వాళ్ళ ఖాతాల వివరాలు పంపుతాయి. జర్మనీలో నీ బ్యాంకు పాస్‌పోర్టు చూసి ఖాతా ఆపబట్టి నీకు ఇప్పుడు తెలిసింది.

ఎంత ఉంది అన్నది రెండో ప్రశ్న. ఆరేళ్ళ స్టేట్‌మెంట్లు జతచేశాను. ఇప్పుడున్నది పధ్నాలుగు వేల దీనార్లు, అంటే సుమారు ముప్పై ఏడు వేల డాలర్లు. మీ పన్నుల సలహాదారు చెప్పినట్టు నువ్వు కట్టవలసిన పన్ను దాదాపు ఏమీ లేదు. భయమంతా ఇన్నేళ్ళూ చెప్పనందుకు పడే జరిమానాది. తెలియక చెప్పలేదంటే అది కూడా ఉండదు. తెలిసి దాచావంటే ఖాతాలో సగం దాకా పోవచ్చు. నీ పేరు మీద మచ్చ మిగులుతుంది. అంటే ఇదంతా నీ వాంగ్మూలంలో "నాకు తెలియదు" అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది.

మూడోది, ఈ పౌరసత్వం వదిలేస్తాను అన్నావు. తొందరపడకు. వదిలేస్తే నీకు ఇంకో దేశం లేదు. ఇండియా వీసా బదులు ఇచ్చే ఓసీఐ కార్డు అక్కడి పౌరసత్వం కాదు. అది కూడా ఆ అమెరికా పాస్‌పోర్టు వెనకాలే వచ్చింది. బహ్రెయిన్ మనకు ఎప్పుడూ వీసాయే ఇచ్చింది. ముందు ఇంకో దేశం చేతికి రానీ. హైదరాబాదు విమానాశ్రయంలో మీ అమ్మ ఇండియా పాస్‌పోర్టుల వరుస వదిలేసి నీ విదేశీయుల వరుసలోకి వచ్చి నిలబడేది, గుర్తుందా? ఒకసారి అధికారి అడ్డుపడ్డాడు. "ఆ దేశం పౌరురాలికి నేను తల్లినండీ. నేను లేకపోతే ఆవిడ ఏడుస్తారు" అంది. అప్పుడు నీకు పదకొండేళ్ళు. సిగ్గుతో చచ్చిపోయావు.

నాలుగో ప్రశ్న, మీ సలహాదారు వాంగ్మూలం కోసం అడిగింది. "మీరు అమెరికా పౌరులని తెలుపుతూ ఇంతకుముందు ఏ బ్యాంకుకైనా సంతకం చేసి పత్రం ఇచ్చారా?" దాని ఎదురుగా లేదు అని రాసి, పక్కన పెన్సిలుతో "కరెక్టే కదా నాన్నా?" అని అడిగావు.

కాదు. 2022 మే పద్దెనిమిదో తేదీ బుధవారం నీ పేరుతో ఒక పత్రం వెళ్ళింది. నీ సంతకం ఉంది. ఆ సంతకం నేను చేశాను.

అప్పుడు నువ్వు మణిపాల్‌లో పరీక్షలు రాస్తున్నావు. మీ అమ్మకు చిన్న ఆపరేషను జరిగిందని జూన్‌లో చెప్పాం. చిన్నది కాదు. ఆదివారం ఆసుపత్రిలో చేరాలి. ముందుగా కట్టవలసిన మొత్తం డిపాజిట్‌లోనే ఉంది. అది విడిపించడానికి సీఫ్‌లో బ్యాంకుకు వెళ్ళాను. కుర్చీలో ఉన్న కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు.

"భాయ్, మీ అమ్మాయి పుట్టింది అమెరికాలో. పద్దెనిమిది దాటింది. ఇక మీ సంతకం పనికిరాదు. ఈ పత్రం మీద తన సంతకం కావాలి. గురువారం లోపు ఇవ్వండి, ఖలాస్. లేదంటే ఖాతా ఆగుతుంది."

నీకు పంపాలంటే డబ్బు ఎందుకో చెప్పాలి. పరీక్షలయ్యేదాకా నీకు చెప్పకూడదని మీ అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "పిల్లకి ఒక్క ముక్క తెలిసిందా, నేను ఆసుపత్రికి రాను. మీరే పడుకోండి ఆ మంచం మీద" అంది. ఆమె సంగతి నీకు తెలుసు. నిజంగానే వచ్చేది కాదు.

వంటగది బల్ల మీద పెట్టుకుని సంతకం చేశాను. నువ్వు మైనరుగా ఉన్నప్పుడు బడి కాగితాలు, వీసా కాగితాలు అన్నిటి మీదా నీ బదులు నేనే సంతకం చేసేవాణ్ణి. అది కూడా ఆ అలవాటులోదే అనుకున్నానని రాద్దామనుకున్నాను. అబద్ధం. నీ పాత దరఖాస్తు ఒకటి ముందు పెట్టుకుని, చిత్తుకాగితం మీద పదకొండు సార్లు రాసి చూసుకున్నాను. అలవాటైనవాడు సాధన చేయడు.

రసీదుతో పాటు ఒక కరపత్రం ఇచ్చారు. అమెరికా పౌరులు ఏటా ఏమేం తెలపాలో అందులో ఉంది. ఇంటికొచ్చి చదివాను. రెండుసార్లు చదివాను. తీసుకెళ్ళి కరెంటు బిల్లుల ఫైల్లో పెట్టాను. తరవాత ఒకరోజు ప్లాంటులో పక్క సీటు అచ్చిబాబుతో ఆ సంగతి అన్నాను.

"ఏడాదికి నాలుగు దీనార్ల వడ్డీ కోసం అమెరికావోడు ఓడేసుకుని వచ్చేత్తాడేంటి గురూ?" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా ఆళ్ళ నేవీ ఓడలు ఇక్కడ జుఫైర్‌లోనే ఉన్నాయి కదా. టాక్సీ డబ్బులు కూడా అవ్వవు" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మూడేళ్ళు సరిపోయింది. తెలిసి దాచింది నేను. నీకు తెలియదు. కానీ కాగితం మీద చూస్తే, పంతొమ్మిదేళ్ళ వయసులో నువ్వే పౌరురాలినని ఒప్పుకుని, ఆ తరవాత మూడేళ్ళు నోరు మూసుకున్నట్టు ఉంది. ఇప్పుడు నువ్వు "ఈ మధ్యే తెలిసింది, ఏ పత్రమూ ఇవ్వలేదు" అని సంతకం చేస్తే, ఆ పాత పత్రం ఎప్పుడు బయటపడినా నువ్వే అబద్ధమాడినట్టు అవుతుంది. అందుకే పంపవద్దన్నాను.

మొన్న గురువారం సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్ళాను. పత్రాలు చూసే అధికారి మరియమ్ అనే అమ్మాయి. నీకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఆ పాత పత్రం కాపీ అడిగాను. తీసి ఇచ్చింది.

"ఈ సంతకం మా అమ్మాయిది కాదు. నేను చేశాను" అన్నాను.

ఆ అమ్మాయి లేచి గది తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"సార్, మీరు చెప్పకపోతే ఇది నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. నేను పైకి రాయాలి."

"రాయండి."

"మీ వీసాకు ఇబ్బంది రావచ్చు. కేసు కూడా కావచ్చు."

"తెలుసు."

"అమ్మాయికి చెప్పారా?"

"ఇంకా లేదు."

మరియమ్ మంచినీళ్ళ సీసా నా వైపు జరిపింది. "నాకంటే ముందు ఆమెకు చెప్పవలసింది సార్" అంది. నిజమే. కానీ ముందు నీకు చెబితే నువ్వు నన్ను బ్యాంకుకు వెళ్ళనివ్వవు.

సాయంత్రం అచ్చిబాబు ఇంటికొచ్చి కేకలేశాడు. "ఎవడడిగాడని చెప్పావు గురూ? కొరివితో తల గోక్కోడం అంటే ఇదే. నిన్నెవడడిగాడు?"

"మల్లిక అడిగింది" అన్నాను. అతను నేను పెట్టిన పప్పు తిని వెళ్ళాడు.

ఇప్పుడు నువ్వు చేయవలసింది. నాలుగో ప్రశ్నకు ఎదురుగా ఉన్నది కొట్టేయి. అలాంటి పత్రం ఒకటి ఉందని, సంతకం నీది కాదని, తండ్రి రాసిన ఉత్తరం వల్ల ఫలానా తేదీన తెలిసిందని రాయి. సలహాదారుకు అంతా చెప్పు. నా వాంగ్మూలం మూడు పేజీలు, నోటరీ ముద్రతో, దీనితో పాటు పెట్టాను. కరపత్రం చదివిన సంగతి కూడా దాచకుండా రాశాను. ఆ బుధవారం నీకు పరీక్ష ఉంది. నువ్వు బహ్రెయిన్‌లో లేవని నీ హాల్ టికెట్టు చెబుతుంది. వెతికి తీయి. నన్ను కాపాడాలని ఒక్క అక్షరం కూడా తగ్గించకు.

ఇక్కడ నాకేమవుతుందో తెలియదు. పాస్‌పోర్టు ఇంకా నా దగ్గరే ఉంది. ప్లాంటులో చెప్పలేదు, పిలిస్తే చెబుతాను. ఈ వారమంతా ఫోను మోగితే ముందు నంబరు చూస్తున్నాను. నీదైతే వెంటనే ఎత్తుతాను. ఈసారి లైను బాగుంటుంది.

నీకు కోపం రావాలి. వస్తే రాయి. ఆ ఆపరేషను మీ అమ్మకు రెండేళ్ళ పది నెలలు ఇచ్చింది. నీ పట్టా చూసింది. నువ్వు జర్మనీ వెళ్ళేటప్పుడు పెట్టె తనే సర్దింది. నేను చేసింది తప్పు. అయినా ఆ బుధవారం మళ్ళీ వస్తే చేయనని రాయలేను.

ఇంకొక్కటి ఉంది. నా వాంగ్మూలంలో లేనిది.

ఆ రోజు వంటగదిలో నేనొక్కణ్ణే లేను. మీ అమ్మ స్టవ్ దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. వద్దనలేదు. నేను సంతకం చేసి కలం మూత పెడుతుంటే దగ్గరికొచ్చి చూసి, "గీత మర్చిపోయారు" అంది. జవాబు కింద గీత లేకపోతే తన ట్యూషన్లో అర మార్కు పోయేది కదా. ఆ భయంతోనే నీ సంతకం కిందికి కూడా ఆ గీత వచ్చింది. నా చేతిలోంచి కలం తీసుకుని, స్కేలు లేకుండా, ఒక్క ఊపులో గీసింది.  తరవాత, "పరీక్షలయ్యాక దానికి అన్నీ చెప్పేయండి. ఇది కూడా" అంది. ఆపరేషను సంగతి చెప్పాను. ఇది చెప్పలేదు. మూడేళ్ళ తరవాత చెబుతున్నాను.

గీత సంగతి మరియమ్ అడగలేదు. అడిగితే చెబుతాను.

కాపీ ఈ కవరులోనే ఉంది. పని అయ్యాక దాన్ని పారేయకు. పైన అక్షరాలు చూడక్కర్లేదు, అవి నావి. కింద గీత చూడు.

ఇట్లు,
ఈసారి తన పేరే రాస్తున్న
మీ నాన్న