మామిడి చెక్క గిన్నె

తమ్ముడు మీరావలికి,

మాచర్ల నుంచి అన్న రాస్తున్నాను. నువ్వు నకరికల్లులో పిన్నమ్మ ఇంట్లో ఉన్నావని తెలిశాక అమ్మ మనసు కాస్త కుదుటపడింది.

ఆ రోజు చెక్క గిన్నెలో పెట్టిన అన్నం ముందు నుంచి లేచిపోయావు. "ఆసుపత్రోళ్ళు నయమైందని పంపిస్తే, ఇంట్లో నాకు వేరే గిన్నె ఏంది అన్నా?" అన్నావు. చుట్టాలందరి ముందూ నీ చేతుల సంగతి ఎత్తకూడదనుకున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అంతకు ముందురోజు వేడి జావ పోసిన స్టీలు గిన్నెను రెండు చేతులా పట్టుకుని తాగావు. అరచేతులు బొబ్బలెక్కినా నీకు తెలియలేదు. కుష్ఠు జబ్బు పోయినా వేళ్ళకు స్పర్శ రాలేదని అప్పుడే మాకు అర్థమైంది. మీ వదిన వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. చెక్కకు వేడి అంత తొందరగా ఎక్కదు. అందుకని మామిడి మొద్దును తరిణెకు ఎక్కించి, తిరుగుతుండగా ఉలితో లోపలంతా తొలిచాను. నీ వేళ్ళకు పట్టు దొరకాలని అంచు మందంగా ఉంచాను. నిన్ను వేరు పెట్టాలని కాదురా.

నువ్వు వెళ్ళాక అందులో అమ్మ తినడం మొదలుపెట్టింది. "నా కొడుకు గిన్నెలో నేను తింటే ఏమైద్ది?" అంది. మీ వదిన తనకూ ఒకటి చెయ్యమంది. చివరికి ఇంట్లో అందరికీ అలాంటివే చేశాను.

ఇప్పుడు కడిగి బోర్లించాక ఏది ఎవరిదో మాకే తెలియడం లేదు. నీదీ వాటిలో కలిసిపోయింది. వచ్చి, చేతికందింది తీసుకో.

మీ అన్న