నీడతో కొలిచే నీళ్లు

చిరంజీవి తమ్ముడు ఓబులేసును, మరదలిని, నా చిన్నోడు గంగయ్యను నిండుగా దీవిస్తూ అక్క నారమ్మ రాస్తున్న సంగతులు. నేను బాగున్నాను, దిగులు పడొద్దు. తిండికి లోటు లేదు. ఇక్కడి ఎండ ముందు మన కడప ఎండ చల్లన. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి?

నీ జాబు అందింది. బావి మళ్లీ లోతు చేస్తామని, గంగయ్య దిగుతాడని రాశావు. నా పెద్దోడు ఆ బావిలోనే మట్టిపెళ్లల కింద పోయి ఇంకా ఏడాది తిరగలేదు కదరా.

ఇక్కడ చూసిందొకటి చెప్తాను. మీరు దుబాయ్ అంటారు గానీ నేనుండేది అల్ ఐన్ అనే ఊరు. చుట్టూ ఇసుకే. ఆ ఇసుక కిందనే, ఎప్పుడో వీళ్ల తాతల నాడు, కొండ కాడి నుంచి సొరంగం తవ్వారు. మోటారు లేదు, మోట లేదు. నీళ్లు వాటంతటవే నడిచి ఖర్జూర తోటలకు వస్తాయి. మొదటిసారి చూసి చేతులెత్తి మొక్కాను.

మొన్న మా యజమాని తోటలో నిమ్మచెట్టు వాడిపోతుంటే, పక్కన కాలవలో నీళ్లు ఊరికే పోతున్నాయని మడవ తీసి చెట్టుకు మళ్లించాను. నీళ్లు పంచే ముసలాయన కేకలేస్తూ వచ్చాడు. తోటమాలి మస్తాను, మన నెల్లూరోడే, పరుగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా, ఇది వేరేవాళ్ల వంతు! దొంగతనమంటా ఉండాడు."

"చెట్టు ఎండిపోతాంటే చూస్తా కూచోవల్లనా?"

"ఎంత గొప్పోళ్లైనా వంతు వంతే. అందరికీ ఆ నీళ్లే గదక్కా."

ఆ ముసలాయన నేలలో కర్ర నాటి, దాని నీడను అడుగులతో కొలిచి వంతులు వేస్తాడు. ఇంటి పెద్దామె బయటికొస్తే నా పని అయిపోయిందనుకున్నా. ఆమె ఆయనకు తప్పయిందని చెప్పి, తమ వంతు వచ్చినప్పుడు నేను వాడుకున్న నీళ్లకు సరిపడా నీడ మిగిలుండగానే మడవ మూయించి, ఆ నీళ్లు వాళ్లకు వదిలింది. వాకిట్లో మూడు కార్లున్న మనిషి!

మన బావి, చెంగలన్న బావి చేని గట్టుకు ఇటూ అటూ. ఆయన ఒక మట్టు లోతు తవ్వితే మనం రెండు తవ్వాం. మళ్లీ ఆయన తవ్వాడు. కిందున్న నీళ్లు ఒకటేనని నాకు తోచలేదు తమ్ముడూ. పెద్దోణ్ణి తీసుకుపోయే రోజు ఆయన మన వాకిట్లో నిలబడితే నేను మొహం తిప్పుకున్నా.

ఈ కవరులో ఆయనకొక కాగితం పెట్టాను. "అన్నా, ఒక రోజు నువ్వు తోడుకో, ఒక రోజు మేము తోడుకుంటాం. ఇద్దరం ఇంక తవ్వొద్దు" అని రాశా. నువ్వే పోయి చదివి వినిపించు. రోషం పడొద్దు. ఆయన కాదన్నా సరే, పైరు ఎండినా సరే, బిడ్డను బావిలోకి పంపొద్దు.

అమ్మకు, మన వీధి పెద్దలకు నా దండాలు. ఈ జాబుకు జవాబు నువ్వు రాయొద్దు. గంగయ్యనే రాయమను. వాడి అక్షరాలే నాకు కావాలి.

మీ అక్క
నారమ్మ