ఆరో పాట

ఫిబ్రవరి 6
మద్రాసు నుంచి ఉత్తరం. నా క్యాసెట్లు తయారట, ఈ దీవికి ఓడెక్కిస్తారట. మన రేవు పాటలు, వాటి మీద నా సాక్సొఫోన్, రేడియో విని నేర్చుకున్న జాజ్. ఎగిరి గంతెయ్యాలి. కానీ... ఆరో పాట.

ఫిబ్రవరి 7
ఆరో పాట అమ్మ ఏడుపు రాగం. నాన్న పడవ వండూర్ అవతల సముద్రంలో పోయి పదకొండేళ్లు. శవం దొరకలేదు. దొరకనివాడికి మావాళ్లు రాగం పెట్టరు. పెడితే పోయాడని ఒప్పుకున్నట్టే — మర్నాడే గాజులు, బొట్టు తీసేస్తారు. అమ్మ ఇవాళ్టికీ బొట్టు పెట్టుకుంటోంది.
పాడమన్నది నేనే. "చచ్చినవాణ్ణి చచ్చాడనలేని జాతి బాగుపడదు" — కరపత్రం అప్పజెప్పినట్టు అరిచాను. తలుపేసి, టేప్ రికార్డర్ ముందు ఒక్కసారి పాడింది. ఆ పాట మీద ఊదినంత బాగా నేనెప్పుడూ ఊదలేదు.

ఫిబ్రవరి 9
మద్రాసుకి టెలిగ్రాం ఇచ్చాను. ఆరో పాట తీసెయ్యండి.

ఫిబ్రవరి 12
జవాబు. అన్నీ అచ్చయిపోయాయట.

ఫిబ్రవరి 15
జంగ్లీఘాట్‌లో పెదనాన్న, వల బాగుచేస్తూ — "ఏటిరా, ఇత్తడి గొట్టంలో మన పాటలూదినావంట. సేపలు ఇంతాయేటి?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "మీ అమ్మ గొంతు గూడా ఉందంట గదా. ఓడ రానీ, రేవులో మైకు పెడదాం."
కులపెద్ద ఆయనే. ఆ రాగం విన్నాడంటే గాజులు తీయించాల్సిందీ ఆయనే.

ఫిబ్రవరి 16
గాజులు పగలగొట్టడం అనాగరికం. ఎవరొస్తారో రానీ, చెయ్యి నరుకుతాను.
... ఎవరి చెయ్యి? వచ్చేది నన్నెత్తుకు పెంచిన అత్తలే.

ఫిబ్రవరి 18
వేరే ఆవిడ పాడిందంటే? ఆ గొంతు తెలియనిదెవరికి!

ఫిబ్రవరి 22
ఓడ వచ్చింది. క్యాసెట్ల పెట్టె మంచం కిందికి తోశాను.

ఫిబ్రవరి 23
అమ్మకి చెప్పేశాను. చేప కోస్తున్న చెయ్యి ఆగింది.
"అందరికీ ఇనబడతాదా?"
"అవునమ్మా."
"ఆ మిషన్లోనే ఉండిపోద్దనుకున్నాన్రా."
చేతులు కడుక్కుని వచ్చి కూచుంది. "పెట్టు." పెట్టాను. చివరిదాకా వింది. ఏడవలేదు. "నువ్వు ఊదిన కాడ," అంది, "మీ నాన్న పిలిచినట్టుంది."
పెదనాన్నకి ఇవ్వనా, మానేయనా అంటే — "నన్నడుగుతావేటి? పాడమన్నావు, పాడినాను." మళ్లీ చేప ముందు కూచుంది.

ఫిబ్రవరి 24
పెదనాన్న పంపిన మనిషి గుమ్మంలో. "భయ్యా, క్యాసెట్ దేదో. మైక్ లగ్‌గయా."
మైకు పెట్టేశారట. ఏక్ మినిట్ అన్నాను. అమ్మ అద్దం ముందు బొట్టు దిద్దుకుంటోంది. నాకేసి చూడదు. వాడు మళ్లీ పిలుస్తున్నాడు. నేనింకా రాస్తూనే ఉన్నాను —