వేల్ దాగిన గోడ తెరిపించమని మనవి

మహారాజశ్రీ జిల్లా న్యాయాధికారి దొరవారి సముఖమునకు

అయ్యా,

విషయం: థార్న్‌బీ మేడ పైగదిలో, పొయ్యి వెనక గోడలో ఉన్న రాజద్రోహిని ప్రాణంతో పట్టుకొనుట గురించి.

జోళ్ళు కుట్టుకుని బతుకుతూ, పిలిచిన ప్రతి ఇంటా దేవుని వాక్యం చెప్పే జెఫన్యా క్రాబ్ అను నేను విన్నవించుకొనునది:

1. రాణిగారిని చంపి, పోపు మతాన్ని మళ్ళీ గద్దెనెక్కించాలని పన్నిన కుట్ర బయటపడి అందరూ దొరికారు. ఏంబ్రోస్ వేల్ ఒక్కడు మిగిలాడు. బైబిల్లో ఆకాను దొంగసొత్తును గుడారంలో పాతిపెట్టినట్టు ఈ మేడ దొరసాని వాణ్ణి గోడలో దాచిందని తమకు కబురు పంపింది నేనే. అందుకు నాకు విచారం లేదు. వాడు ఉరికంబం ఎక్కవలసినవాడే.

2. తమ బంట్లు ఆరు రోజులు గోడలు తట్టి చూసి, ఏమీ దొరకక, కాపలా నాకూ కమ్మరి టోబీకీ అప్పగించి వెళ్ళారు. తమ ఎదుట తప్ప గోడ పగలగొట్టరాదనీ, లోపలివాడికి అన్నపానాలు అందిస్తే ఉరేననీ తమ ఉత్తర్వు. ఆకలికి వాడే బయటికొస్తాడని తమ అంచనా. రాలేడు. లోపలి గడియ బిగుసుకుపోయిందని గోడలోంచి వాడే చెప్పాడు. దాచుకున్న నీళ్ళు కూడా అయిపోయాయట.

3. ఎనిమిదో రోజు గోకుడు వినిపించింది. టోబీ ఎలుకలన్నాడు. ఎలుకలు కీర్తనలు పాడవు. తమ గుమాస్తాకు రెండుసార్లు చెప్పాను. "వాసనొచ్చాక చూద్దాంలే, బోధకుడా," అన్నారు. అయ్యా, అది తీర్పు కాదు. తమ్ముణ్ణి చంపిన కయీనును సైతం దేవుడు పిలిచి, అడిగి, ఆ తర్వాతే శిక్షించాడు.

4. నిన్న వాడు నీళ్ళడిగాడు. నరకంలో ధనవంతుడు చుక్క నీళ్ళడిగితే అబ్రాహాము ఇచ్చాడా అన్నాను.

"వాళ్ళిద్దరి మధ్యా అగాధముంది, పెద్దాయనా. మన మధ్య ఇటుకేగా," అన్నాడు.

పదిహేనేళ్ళుగా ఆ భాగం మీద బోధిస్తున్నాను. ఈ మనవి రాయడానికి కూర్చున్నాను.

కావున తాము ఈ పూటే తాపీవాళ్ళతో దయచేసి, గోడ తెరిపించి, వాణ్ణి బతికుండగా న్యాయస్థానంలో నిలబెట్టవలెనని ప్రార్థన. రేపటికి మిగలడు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జెఫన్యా క్రాబ్

మళ్ళీ రాయునది: ఇటుకల సందులో రెల్లు గొట్టం పెట్టి నీళ్ళు పోశాను. శత్రువుకు దాహమిమ్మని పౌలు రాశాడు, మతం అడగమని రాయలేదు. టోబీకి ఏమీ తెలియదు. వేల్ తాగాక నేను నా పేరు చెప్పబోతే ఆపాడు.

"వద్దు. నన్ను బల్లకి కట్టి సాగదీస్తారు, నీళ్ళెవరిచ్చారని అడుగుతారు. నేను ఓర్చుకోలేను. తెలియకపోతే చెప్పను కదా."

అందుకని వాడికి చెప్పలేదు, తమకు రాసి ఇస్తున్నాను. ఆ ఒక్క ప్రశ్నకు వాణ్ణి బల్ల ఎక్కించనక్కరలేదు.