గొంతు దాచుకున్న ఇల్లు

నాయనా,

ఎట్లున్నావు అని అడగను. నువ్వు పోయి ఏడాది దాటింది. మాట తగ్గించమని ఇంట్లో ఇప్పుడు ఎవరూ సైగ చేయడం లేదు. అయినా నేనూ అమ్మా మెల్లగానే మాట్లాడుకుంటున్నాం... అలవాటు పోలేదు.

నీ జ్ఞాపకార్థ కూటం మన చర్చిలోనే జరిగింది. త్రిపురాంతకం గుడి దగ్గర నీ చేత బుర్రకథలు చెప్పించినవాళ్లు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు. నాటకాలవాళ్లు నీ పద్యం గురించి చెప్పారు. పాస్టరు గారు క్రిస్మస్ పాటలకు నువ్వు వాయించిన హార్మోనియం గురించి చెప్పారు. ఎవరు లేచినా చివరికి ఒకటే మాట... నువ్వు నోరు తెరిస్తే జనం కూర్చున్నచోటి నుంచి కదిలేవారు కాదని.

నన్నూ మాట్లాడమన్నారు. తల అడ్డంగా ఊపాను. ఏం చెప్పాలి? నువ్వు నాకు ఒక్క కథ కూడా చెప్పలేదు. నేను విన్నవన్నీ మైకులోనే, జనం మధ్య కూర్చుని.

కథ ఉన్న రోజు ఇంట్లో నోరు విప్పేవాడివి కాదు. మరునాడూ అంతే. "గొంతు దాచుకోవాల. అది పోతే మనకేముంది?" అనేవాడివి. కంచం మీద రెండు దెబ్బలు కొడితే అన్నం. బొటనవేలు పెదవికి ఆనిస్తే మంచినీళ్లు. అరచేయి ఎత్తితే మేము మాట ఆపేయాలి. నేనేదైనా అడిగితే నువ్వు జవాబు చెప్పాల్సి వస్తుందని అమ్మ నన్ను అడగనిచ్చేది కాదు. అలా పెరిగాను.

పెళ్లయిన కొత్తలో పలకల గనిలో పనిచేసేవాడివట. దుమ్ము గొంతుకు పడదని మానేసి కథల్లోకి వచ్చావు. నీ బదులు ఆ పనికి అమ్మ వెళ్లింది. ఇప్పటికీ పొద్దున లేవగానే దగ్గుతుంది. అమ్మది గొంతు కాదా నాయనా?

ఇదంతా మన ఇంటి సంగతి. బయట చెప్పాలని నేనెప్పుడూ అనుకోలేదు. నన్ను బయటపెట్టింది నువ్వే. కథ మధ్యలో తంబూర ఆపి, పక్కన డక్కీ వాయించే అమ్మ తమ్ముడు దానియేలు మామ వైపు తిరిగేవాడివి...

"మా ఇంట్లో ఒక పిల్ల ఉంది బామ్మర్దీ. కాన్వెంటులో ఏసినా. ఇంగ్లీషు రాలే, ఉన్న తెలుగు కూడా పాయె! ఏందమ్మా అంటే తలకాయ ఊపుద్ది. ఔనంటే నిలువు, కాదంటే అడ్డం. దీనికంటే గంగిరెద్దు నయం గదా, దానికి పక్కన సన్నాయన్నా ఉంటది!"

జనం విరగబడి నవ్వేవారు. తర్వాత క్లాసులో నేను తల ఊపితే వెనక బెంచీలవాళ్లు నోటితో సన్నాయి ఊదేవాళ్లు. ఒకసారి సిస్టర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంటికి వచ్చి నీకు చెప్పబోయాను. అరచేయి ఎత్తావు. ఆ రోజు యర్రగొండపాలెంలో కథ ఉంది నీకు.

నీ తంబూరను అమ్మ దానియేలు మామకు ఇచ్చేసింది. మొన్న క్రిస్మస్ ముందు గిద్దలూరులో ఆయన నువ్వు కట్టిన కథే చెప్పాడు. మేమిద్దరం వెళ్లాం. బాగానే చెప్పాడు... నీ అంత కాదు. సరిగ్గా అదే చోట తంబూర ఆపి, "మా ఇంట్లో ఒక పిల్ల ఉంది" అన్నాడు. ఆయనకు ఆడపిల్లలే లేరు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

పోయాక కూడా నన్ను వదలవా?

కథ అయ్యాక స్టేజీ వెనక్కి వెళ్లాను. నా అంతట నేను వెళ్లి ఒక మనిషిని పలకరించడం అదే మొదలేమో. ఆ ముక్క తీసేయమన్నాను. మామ ఇబ్బందిపడ్డాడు. దాని తర్వాతే బిడ్డ చనిపోయే ఘట్టం వస్తుందట. అంతకుముందు కడుపుబ్బా నవ్వని జనం అక్కడ ఏడవరట. నువ్వు ఊరికే పెట్టలేదట. అక్కడ పెట్టడానికి నా దగ్గర ఇంకేమైనా ఉంటే ఇవ్వమన్నాడు.

ఎగతాళిగా అన్నాడో, నిజంగానే అడిగాడో... ఇచ్చాను. రాసి, వాళ్లింటికి వెళ్లి, పైకి చదివి వినిపించాను. మామ తల దించుకుని విన్నాడు. అయిపోయాక డక్కీ అందుకుని ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

పోయిన వారం పుల్లలచెరువులో చెప్పాడు. నేను రాసింది ఇది.

"ఒక కథల నాయన ఉన్నాడంట. మైకు ముందు పారే ఏరంట, ఇంటికొస్తే ఎండిన బోరంట! పెళ్లాం పలకరిస్తే అరచెయ్యంట, బిడ్డ పలకరిస్తే అరచెయ్యంట. ఒకనాడు ఇంటికి నిప్పంటుకునింది. అరిస్తే గొంతు పోద్దని కంచం తీసుకోని రెండు దెబ్బలు కొట్టినాడంట. పెళ్లాం అన్నం పట్టుకొచ్చిందంట!"

నవ్వు ఎంతకీ ఆగలేదు. అమ్మ కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. ఆ వెంటనే బిడ్డ చనిపోయే ఘట్టం. ప్రతి మాటా ముందే తెలిసి కూడా ఏడ్చాను. అది నువ్వు కట్టిందే. దాన్ని నేనేం కాదనగలను?

మామ పేరు చెప్పలేదు. అయినా ఆ నాయన ఎవరో అక్కడ తెలియనివాళ్లు లేరు. నలుగురిలో నవ్వులపాలైతే ఎలా ఉంటుందో నీకు తెలిసే దారే లేదు ఇప్పుడు. నా బాధంతా అదే.

త్రిపురాంతకంలో కూడా ఇదే చెబుతాడట. ఆపమని నేను అడగను. క్షమించమని నిన్నూ అడగను.

నువ్వుండి ఉంటే నొచ్చుకునేవాడివి కూడా కాదేమో. "ఎవురు కట్టినార్రా ఈ ముక్క? భలే ఉందే!" అని స్టేజీ చుట్టూ తిరిగి అందరినీ అడిగేవాడివి. నేను అక్కడే నిలబడి ఉండేదాన్ని.

చెప్పేదాన్ని కాదు.

నీ కూతురు,
సుగుణ